సగం గీసిన సున్నా: మరకను నెలసరిగా లెక్కపెట్టిన ఒక కేసు

ఈ కేసును ఆమె అనుమతితో రాస్తున్నాను. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాల్లో కొన్నింటిని మార్చాను. తేదీలకు బదులు రోజుల లెక్క వాడాను. ఇందులో అరుదైన జబ్బేమీ లేదు. ట్యూబులో గర్భం, అంటే గర్భసంచి బయట, అండం గర్భసంచికి చేరే గొట్టంలో నిలిచిన గర్భం, వందకు ఒకటి రెండు గర్భాల్లో వస్తుందని చదువుకున్న ప్రతి వైద్యురాలికీ తెలుసు. అయినా రాయడానికి కారణం, ఆమె నా దగ్గరికి వచ్చేలోపు నలుగురు నాలుగు చోట్ల తమ పని దాదాపు సరిగానే చేశారు, కానీ అందరూ ఒకే తప్పు తేదీ మీద నిలబడి చేశారు. మొదటి పది నిమిషాలు నేనూ అక్కడే నిలబడ్డాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై లోపు వయసు. పెళ్లై మూడేళ్లయింది. విశాఖపట్నంలో గాజువాక వైపు అత్తమామలతో కలిసి ఉంటూ ఒక ప్రైవేటు ఉద్యోగం చేస్తోంది. భర్త ఉద్యోగం వేరే రాష్ట్రంలో, రెండు నెలలకోసారి నాలుగైదు రోజులు ఇంటికి వస్తాడు. ఇంకో ఏడాది దాకా పిల్లలు వద్దని ఇద్దరూ అనుకున్నారు గానీ, రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టలేదు. మనిషి ఇంట్లో ఉండేదే నాలుగు రోజులైతే నెలంతా మాత్ర ఎందుకన్నది ఆమె వాదన. కొన్నిసార్లు కండోమ్, అది కుదరనప్పుడు మెడికల్ షాపులో దొరికే అత్యవసర మాత్ర, ఇదీ వాళ్ల పద్ధతి. ఈ నగరంలో ఓడల మీద, పోర్టుల్లో, వేరే ఊళ్ల ప్లాంట్లలో పనిచేసే మగవాళ్ల ఇళ్లలో ఇదే పద్ధతిని నేను చాలాసార్లు విన్నాను కనుక, విడ్డూరంగా ఏమీ అనిపించలేదు.

నెలసరి ముప్పై నుంచి ముప్పై రెండు రోజులకోసారి క్రమంగా వచ్చేది, నాలుగు రోజులు ఉండేది, మొదటి రెండు రోజులు బాగానే అయ్యేది. ఇంతకు ముందు గర్భం లేదు, కడుపులో ఆపరేషన్ లేదు, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్‌కు వైద్యం చేయించుకున్న గుర్తు లేదు. ట్యూబులో గర్భం వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందికి ముందస్తు కారణం ఏదీ కనిపించదు కాబట్టి, ఇంత శుభ్రమైన చరిత్ర వైద్యురాలికి ధైర్యం ఇవ్వకూడదు. ఆ రోజు నాకు కొంచెం ఇచ్చిందని ఒప్పుకుంటాను.

వచ్చినప్పుడు చెప్పిన సమస్య

సాయంత్రం ఓపీ ముగిసే వేళకు ఒంటరిగా వచ్చింది. నేను అడగకముందే, దారంతా వల్లె వేసుకుని వచ్చినట్టు, ఒక్క గుక్కలో చెప్పింది: "మేడమ్, డేట్ వచ్చి ఇరవై ఒక్క రోజులే అయింది. కానీ పదిరోజులుగా ఉండి ఉండి మరకలు కనిపిస్తున్నాయి. నిన్న కిట్‌లో రెండో గీత లేతగా వచ్చింది. స్కానింగ్‌లో ఏమీ లేదు, మరీ తొందరగా వచ్చారు, రెండు వారాలాగి రమ్మన్నారు." ఆ తర్వాత చేతిసంచి జిప్పు తీసి, గర్భస్రావానికి వాడే మాత్రల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది. చీటీ లేకుండానే షాపులో ఇచ్చారు. సీలు ఇంకా తీయలేదు. "ఇవి వేసేసుకోవచ్చా అని అడగడానికే వచ్చాను," అంది.

కాస్త కలిపి చూస్తే, ఆమె చెప్పిన మూడు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. నెలసరి వచ్చిన ఇరవయ్యో రోజున మూత్రపరీక్షలో గీత రావడం అసలు జరిగే పని కాదు. అండం విడుదలయ్యేది దాదాపు పద్నాలుగో రోజున. ఫలదీకరణ జరిగిన పిండం గర్భసంచి గోడకు అంటుకోవడానికి ఆపైన ఆరు రోజులైనా పడుతుంది. ఆ తర్వాతే హెచ్‌సీజీ అనే హార్మోను రక్తంలోకి రావడం మొదలవుతుంది. ఇంట్లో వాడే కిట్లు మిల్లీలీటరుకు ఇరవై, ఇరవై అయిదు మిల్లీ యూనిట్లు దాటితే గానీ గీత చూపించవు. అందువల్ల కిట్ అయినా తప్పయి ఉండాలి, తేదీ అయినా తప్పయి ఉండాలి. క్లినిక్‌లోనే ఇంకో కిట్ పెట్టించాను. లేతగానే అయినా రెండో గీత స్పష్టంగా వచ్చింది. ఇక మిగిలింది తేదీ.

"చివరి నెలసరి ఎప్పుడు?" అని నేను అప్పటికే అడిగాను, ఆమె అప్పటికే జవాబు చెప్పింది, నేను కేస్ షీట్ మీద రాసేశాను కూడా. రెండోసారి ప్రశ్న మార్చి, ఎక్కడైనా గుర్తు పెట్టుకుంటావా అమ్మా అని అడిగితే, ఫోన్‌లో వంటింటి గోడ క్యాలెండర్ ఫొటో తీసి చూపించింది. ఒక చోట గ్యాస్ బండ మార్చిన రోజు, ఇంకో చోట పాలు రాని రోజులకు అడ్డగీతలు, వాటి మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా నీలం పెన్నుతో చుట్టిన సున్నాలు. వెనక్కి పేజీ తిప్పి తీసిన ఫొటోల్లో ప్రతి నెలా ఒక నిండు సున్నా ఉంది. చివరి నెలలో, ఆమె నాకు చెప్పిన తేదీ దగ్గర మాత్రం సగమే గీసి ఉంది, అర్ధచంద్రుడిలా.

ఇదేమిటి, సగమే ఉందేం అని అడిగాను. "ఆ నెల సరిగ్గా కాలేదు మేడమ్. రోజున్నర, గోధుమ రంగులో. ఒక ప్యాడ్ కూడా తడవలేదు. అత్యవసర మాత్ర వేసుకున్నాను కదా, దానివల్ల ముందుగా, తక్కువగా వచ్చిందనుకున్నాను." అనుమానం ఆమె చేతికి ముందే తట్టింది, నోటికి మాత్రం రాలేదు. ఎందుకంటే అడిగిన ప్రతి ఒక్కరూ తేదీ అడిగారు. ఎంత అయింది, ఏ రంగులో అయింది, ఎన్నాళ్లు అయింది అని ఎవరూ అడగలేదు.

లెక్క మళ్లీ వేస్తే

అసలు నెలసరి మొదటి రోజును ఒకటిగా పెట్టుకుని లెక్కించాం. పద్నాలుగో రోజున భర్త ఇంటికి వచ్చాడు. పదహారో రోజున, కలిసిన నలభై గంటల లోపే, ఆమె అత్యవసర మాత్ర (లెవోనార్జెస్ట్రెల్) వేసుకుంది. పదిహేడు, పద్దెనిమిది రోజుల్లో మళ్లీ కలిశారు, ఏ రక్షణా లేకుండా. మాత్ర వేసుకున్నాక ఆ నెలంతటికీ భయం లేదని ఆమె నమ్మింది. ఆ మాత్ర ప్రధానంగా అండం విడుదలను వాయిదా వేస్తుంది. వాయిదా పడిన అండం తర్వాత విడుదలైనప్పుడు, ఆ మధ్యలో జరిగిన కలయికకు అడ్డేమీ ఉండదు. ఇరవై ఏడో రోజున ఆ రోజున్నర మరక. ఇరవై తొమ్మిదో రోజున కిట్ పరీక్ష, ఒకటే గీత; అప్పటికి గర్భం ఉన్నా హార్మోను అందేంత లేదు. ముప్పై ఎనిమిదో రోజు నుంచి ఉండి ఉండి మరకలు. నలభై నాలుగో రోజున మెడికల్ షాపులో చెబితే నెలసరి తెప్పించే మాత్రలని మూడు రోజులకు ఇచ్చారు. నలభై ఏడో రోజున లేత గీత, అదే రోజు ఇంటి దగ్గర ఒక క్లినిక్‌లో ఫోలిక్ యాసిడ్ మాత్రలు, పొట్ట మీదుగా స్కాన్. నా దగ్గరికి వచ్చింది నలభై ఎనిమిదో రోజున.

స్కాన్ చేసినవారు తప్పు చేశారని అనను. కాగితం మీద ఇరవై రోజులని రాసి ఉంటే, గర్భసంచి ఖాళీగా కనిపించడం సహజమే. రెండు వారాలాగి రమ్మనడం కూడా సరైన సలహాయే. అదే కాగితం మీద నలభై ఏడు రోజులని ఉంటే, అదే ఖాళీ గర్భసంచి వేరే మాట చెప్పేది. అండం కాస్త ఆలస్యంగా విడుదలైందని నాలుగు రోజులు తగ్గించినా ఆరు వారాలు దాటింది. లోపలి నుంచి చేసే స్కాన్‌లో అయిదో వారానికి గర్భసంచిలో పిండం సంచి, ఆరో వారానికి గుండె కదలిక కనిపించాలి.

మన భాషలో ఒక చిక్కు ఉంది. నెల తప్పింది అన్న మాటకు గర్భం వచ్చిందని అర్థం. దాన్నే తిరగేసి, నెల వచ్చింది కాబట్టి గర్భం లేదని అందరూ అనుకుంటారు. చదువుకున్నవాళ్లు, చదువు లేనివాళ్లు, కొన్నిసార్లు మేమూ. రక్తం కనబడగానే మనసు కుదుటపడుతుంది. కానీ నెలసరి వేరు, రక్తం కనబడటం వేరు.

మొదటి నిర్ణయం: ఆ పెట్టె తెరవవద్దు

ఆమె అడిగింది ఒకటే ప్రశ్న కనుక దానికే ముందు జవాబు చెప్పాను. గర్భం వద్దనుకోవడం ఆమె హక్కు. 1971 నాటి గర్భస్రావ చట్టం, 2021 సవరణతో కలిపి, ఇరవై వారాల దాకా ఒక వైద్యుడి అభిప్రాయంతో అందుకు వీలు కల్పిస్తోంది, ఆమె వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చెబుతోంది. మాత్రలతో చేసే పద్ధతి తొమ్మిది వారాల దాకా వాడవచ్చు. ఇవన్నీ చెప్పాక, ఆ మాత్రలు పనిచేసేది గర్భసంచి లోపల ఉన్న గర్భం మీదనే అని చెప్పాను. గర్భం ట్యూబులో ఉంటే మాత్రలకు గర్భసంచి పొర ఊడి రక్తం పోతుంది, ఆమె పని అయిపోయిందనుకుంటుంది, ట్యూబులోని గర్భం మాత్రం పెరుగుతూనే ఉంటుంది, చివరికి ట్యూబు పగలవచ్చు. ఇరవై ఏడో రోజున మోసం చేసిన రక్తమే, ఈసారి ఇంకా ఎక్కువగా వచ్చి, ఇంకా పెద్ద మోసం చేసేది. గర్భం ఎక్కడుందో తేలేదాకా పెట్టెకు సీలు తీయవద్దన్నాను. ఆమె దాన్ని తిరిగి సంచిలో పెట్టుకోలేదు. ఇక్కడే ఉంచండి అంది.

రక్తపోటు, నాడి మామూలుగా ఉన్నాయి. పొత్తికడుపులో కుడివైపు నొక్కితే కొంచెం ఇబ్బంది, అంతే. హిమోగ్లోబిన్ 10.8. రక్తం గ్రూపు ఓ పాజిటివ్ అని కార్డు చూపించింది. నెగటివ్ అయితే తర్వాతి గర్భాలకు రక్షణగా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ గురించి ఆలోచించాల్సి వచ్చేది. లోపలి నుంచి చేసిన స్కాన్‌లో గర్భసంచి ఖాళీగానే ఉంది, రెండు పక్కలా తేడాగా ఏమీ పట్టుబడలేదు. ఆ స్కాన్ సెంటర్లో ఫారం ఎఫ్ నింపమన్నప్పుడు ఆమె పెన్ను కింద పెట్టేసింది, ఇది ఇంటికి వెళ్తుందా అని. అది లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో చేసిన చట్టం కింద గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ నింపే కాగితమనీ, ఇంటివాళ్లకు దానితో సంబంధం లేదనీ చెప్పాక సంతకం పెట్టింది. ఇలాంటి చిన్న భయం దగ్గర వెనక్కి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇప్పుడు స్కాన్‌కు పంపేముందే ఆ ఫారం సంగతి చెబుతున్నాను.

రక్తంలో బీటా హెచ్‌సీజీ 1,180 వచ్చింది. ఈ అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. జాగ్రత్తగా ఆలోచించేవాళ్లు 3,500 దాటాక కూడా గర్భసంచి ఖాళీగా ఉంటేనే అనుమానాన్ని గట్టిగా చెబుతారు. దానికంటే తక్కువ అంకె దగ్గర తొందరపడితే, ఆలస్యంగా మొదలైన మంచి గర్భాన్ని పోగొట్టే ప్రమాదం ఉంది. ఈమెకు ఈ గర్భం వద్దు కాబట్టి ఆ జాగ్రత్త అనవసరం అనిపించవచ్చు. కానీ గర్భసంచిలో ఉన్న గర్భానికి ఒక వైద్యం, ట్యూబులో ఉన్నదానికి పూర్తిగా ఇంకో వైద్యం. ఊహ మీద ఏదీ మొదలుపెట్టకూడదు. ప్రస్తుతానికి స్థానం తెలియని గర్భం అని రాసుకున్నాను. అది జబ్బు పేరు కాదు, మాకు ఇంకా తెలియలేదని ఒప్పుకునే పేరు. నలభై ఎనిమిది గంటల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వమని చెప్పి, ఈలోగా కడుపులో పోటు, కళ్లు తిరగడం, భుజం మీద నొప్పి వస్తే ఏ వేళైనా ఆగవద్దన్నాను.

ఎక్కడ బెడిసింది

రెండో పరీక్ష అంకె 1,860 అని ఫోన్‌లో పంపింది. మొదటిదానికంటే 58 శాతం ఎక్కువ. ఈ స్థాయిలో మొదలైన మంచి గర్భంలో నలభై ఎనిమిది గంటల్లో కనీసం 49 శాతం పెరగాలని లెక్క. ఈ అంకె ఆ గీత దాటింది. "బాగానే పెరుగుతోంది, వారంలో స్కాన్ చేద్దాం" అని టైపు చేశాను కూడా.

పంపలేదు. ఆ కారణం గొప్పదేమీ కాదు. రిపోర్టు కాగితం రంగు వేరేగా ఉంది. పెద్దది చేసి చూస్తే ల్యాబ్ పేరు వేరు. మొదటి రక్తం మా క్లినిక్ పక్క ల్యాబ్‌లో ఇచ్చింది, రెండోది ఆఫీసు నుంచి వస్తూ దగ్గరలో ఉన్న ఇంకో చోట. హెచ్‌సీజీని కొలిచే పద్ధతులు, యంత్రాలు ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ మారుతాయి. ఒకే రక్తానికి రెండు చోట్ల రెండు అంకెలు రావడం తప్పేమీ కాదు. రెండు వేర్వేరు తక్కెడల్లో తూచి, బియ్యం పెరిగిందా తగ్గిందా అని చెప్పలేం. అదే ల్యాబ్‌లో ఇవ్వాలని నేను నోటితో కూడా చెప్పలేదు, కాగితం మీద రాయనూ లేదు. ఈ లోపం నాది.

ఆ సాయంత్రమే మొదటి ల్యాబ్‌లో మళ్లీ ఇప్పించాను: 1,410. యాభై రెండు గంటల్లో పెరిగింది ఇరవై శాతం లోపు. ఇది మంచి గర్భం పెరిగే తీరు కాదు, జారిపోతున్న గర్భం తగ్గే తీరూ కాదు. ట్యూబులో గర్భం తరచుగా ఇలాగే, పెరిగీ పెరగనట్టు నడుస్తుంది.

మర్నాడు లోపలి స్కాన్ మళ్లీ చేయించాను. ఈసారి కాగితం మీద అసలు తేదీ రాసి, స్కాన్ చేసే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి పంపాను. కుడి అండాశయానికి ఆనుకుని, కానీ దానితో కలిసి కదలకుండా, 1.9 సెంటీమీటర్ల ఉంగరం లాంటి గడ్డ కనిపించింది. గుండె కదలిక లేదు. గర్భసంచి వెనక కొద్దిగా ద్రవం. అది కనిపించకపోయి ఉంటే, గర్భసంచిలోంచి కొంత పదార్థం తీసి పరీక్షకు పంపుదామన్నది నా తర్వాతి ఆలోచన. ఆ అవసరం రాలేదు.

వైద్యం ఎంచుకోవడం

మూడు దారులున్నాయి. ఏమీ చేయకుండా గమనించడం, హెచ్‌సీజీ తనంతట తాను తగ్గుతున్నవాళ్లకే; ఈమెకు పెరుగుతోంది. రెండోది లాపరోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్: ఒక్కసారితో పూర్తవుతుంది, కానీ మత్తు, ఆపరేషన్, చాలాసార్లు ట్యూబు తీసేయాల్సి రావడం ఉంటాయి. మూడోది మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్: వేగంగా విభజన చెందే కణాలను ఆపి గర్భాన్ని కరిగేలా చేస్తుంది, కత్తి పడదు, కానీ వారాల తరబడి రక్తపరీక్షలు, ఈలోగా ట్యూబు పగిలే ప్రమాదం పూర్తిగా పోదు. ఆమె నాడి నిలకడగా ఉంది, గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపు, గుండె కదలిక లేదు, హెచ్‌సీజీ 5,000కు చాలా కింద, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు బాగున్నాయి. ఇంజెక్షన్‌కు సరిపోయే మనిషే.

ఆమె వెంటనే ఇంజెక్షనే అంది. ఎందుకని అడిగితే, ఆపరేషన్ అయితే అత్తగారికి తెలుస్తుంది అంది. ఇక్కడ నేను కాస్త మొండికేశాను. దాచడం కోసం వైద్యాన్ని ఎంచుకోకూడదు, వైద్యం సరిపడితే దాచడం సంగతి తర్వాత చూసుకోవచ్చు. పైగా ఇంజెక్షన్ తీసుకున్న మనిషి అర్ధరాత్రి కుప్పకూలితే, పక్కనున్నవాళ్లకు ఏం జరుగుతోందో తెలియకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో అందరికీ చెప్పమనలేదు. ఒక్కరికి, రాత్రి తలుపు తట్టగలిగిన ఒక్కరికి తెలిసి తీరాలన్నాను. ఫోన్‌లో భర్తకు చెప్పింది, అతను తన అక్కకు చెప్పాడు. ఆ ఒదినగారు మర్నాడు స్వయంగా వెంటబెట్టుకుని వచ్చింది, ఆ తర్వాత ప్రతి పరీక్షకూ వచ్చింది.

ఇంకో పేచీ పుట్టింటి గురించి. ఒంట్లో బాగాలేదంటే పుట్టింటికి వెళ్లడం మన దగ్గర మామూలే. ఆమె పుట్టిల్లు పాడేరు ఘాట్ రోడ్డు దాటాక. వద్దన్నాను. ఆపరేషన్ థియేటరు, రక్తం అందుబాటులో ఉన్న ఆసుపత్రికి అరగంటలో చేరగలిగే చోట ఉండాలి. రాత్రిపూట ఘాట్ మలుపులు దిగుతూ గడపాల్సిన సమయం కాదది. ఒదినగారింట్లో, నగరంలోనే ఉంది. నగరంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ అత్యవసర విభాగానికి చూపించడానికి రోగనిర్ధారణ, రక్తం గ్రూపు, ఇచ్చిన మందు, తేదీ రాసిన చీటీ ఇచ్చి, పర్సులో పెట్టుకోమన్నాను, నొప్పి భరించరానిదైతే నాకు ఫోన్ చేయడం కంటే ముందు 108కి చేయమన్నాను.

శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు యాభై మిల్లీగ్రాముల లెక్కన 75 మిల్లీగ్రాములు కండకు ఇచ్చాం. మందు జాగ్రత్తలు చెప్పేటప్పుడే, ఆమె నలభై ఏడో రోజు నుంచి ఫోలిక్ యాసిడ్ వేసుకుంటోందని మళ్లీ గుర్తుకొచ్చింది. కిట్‌లో గీత వచ్చిందని ఎవరో మంచికే ఇచ్చారు, కానీ మెథోట్రెక్సేట్ పనిని సరిగ్గా అదే అడ్డుకుంటుంది. అది ఆపించాను, బలానికని ఇంట్లో ఉన్న ఐరన్ మాత్రల్లో కూడా అదే కలిసి ఉంటుంది కనుక వాటినీ పక్కన పెట్టించాను. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు, కలయిక వద్దు, బరువులు వద్దు, ఎండ తగలనివ్వవద్దు. విశాఖ ఎండలో చివరిది చెప్పినంత తేలిక కాదు. గొడుగు పట్టుకుని తిరిగింది.

మందు ఇచ్చిన తర్వాత

ఇచ్చిన రోజు 1,520. నాలుగో రోజు 1,790. ఒదినగారు కంగారుపడ్డారు, మందు పనిచేయలేదా అని. నాలుగో రోజుకు అంకె పెరగడం మామూలే, చూడాల్సింది నాలుగు నుంచి ఏడో రోజుకు తగ్గిందా లేదా అని ముందే కాగితం మీద రాసిచ్చాను కాబట్టి ఆ కంగారు ఒక ఫోన్‌తో పోయింది.

అయిదో రోజు రాత్రి పదకొండింటికి నొప్పి వచ్చింది. ఈ మందు తర్వాత మూడు నుంచి ఏడో రోజు మధ్య నొప్పి రావడం సాధారణం, గర్భం విడివడుతున్నప్పుడు వచ్చే నొప్పి అది. కానీ ట్యూబు పగిలినప్పుడు వచ్చేదీ నొప్పే. ఫోన్‌లో వాటిని విడదీసే తెలివి నాకు లేదు, ఇంకెవరికీ ఉంటుందనుకోను. రమ్మన్నాను. నాడి 88, రక్తపోటు 110/70, హిమోగ్లోబిన్ 10.6, స్కాన్‌లో ద్రవం అంతకు ముందున్నంతే. తెల్లారేదాకా ఉంచి, రెండోసారి హిమోగ్లోబిన్ చూసి, పంపాను. వెళ్లేముందు, "ఊరికే నిద్ర చెడగొట్టాను మేడమ్," అంది. చెడగొట్టినందుకే పంపగలుగుతున్నాను అన్నాను.

ఏడో రోజు 1,610. నాలుగో రోజు అంకె మీద పది శాతమే తగ్గింది. పదిహేను శాతమైనా తగ్గాలి. అంటే మొదటి మోతాదు చాలలేదు. ఫోలిక్ యాసిడ్ వల్లా, మామూలుగానే కొందరికి రెండో మోతాదు కావాల్సి వస్తుంది కనుకనా, చెప్పలేను. ఈ దశలో లాపరోస్కోపీ గురించి మళ్లీ మాట్లాడుకున్నాం. గడ్డ పెరగలేదు, ద్రవం పెరగలేదు, మనిషి నిలకడగా ఉంది, అంకె దిగడం మొదలైంది. రెండో మోతాదు ఇద్దామని ముగ్గురం కలిసి అనుకున్నాం. పద్నాలుగో రోజుకు 890. ఆ తర్వాత వారానికోసారి: 310, 84, 19. ఆపై వారం 5 లోపుకు వచ్చింది. ఇంజెక్షన్ మొదలైన నాటి నుంచి ఆరు వారాలు. అన్ని పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో; ప్రతి చీటీ మీద ల్యాబ్ పేరు ముందే రాసి ఇచ్చాను.

నేను మార్చుకున్నవి

మరకలతో, డేట్ దాటిందన్న భయంతో వచ్చే వాళ్లలో చాలామందికి చివరికి తేలేది థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగలు), అత్యవసర మాత్ర వల్ల అటూ ఇటూ అయిన నెలసరి. వాళ్లందరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ గర్భం వచ్చే వయసులో ఉన్న స్త్రీ అసహజంగా రక్తం కనిపించిందని చెబితే, నెలసరి వచ్చిందని ఆమె చెప్పినా సరే, ముందు కిట్ పెట్టించాకే మిగతా పరీక్షలు రాస్తున్నాను. కిట్‌లో ఒకటే గీత వస్తే, వారం తర్వాత పొద్దుటి మొదటి మూత్రంతో మళ్లీ చూడమంటున్నాను. నెలసరి తెప్పించే మాత్రలు ఆ తర్వాతే.

అత్యవసర మాత్ర వాడిన వాళ్లకు, మాత్ర తర్వాత కలిస్తే దానికి రక్షణ లేదని, నెలసరి వారం ఆలస్యమైనా, వచ్చింది తేడాగా ఉన్నా పరీక్ష చేసుకోవాలని చెబుతున్నాను. ఇది పెట్టె లోపలి కాగితంలో ఉండే సంగతే. ఆ అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

కేస్ షీట్‌లో చివరి నెలసరి తేదీకి ఒక్క గడి ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, ఎప్పటిలాగే ఉందా అని మూడు గడులు, దాని కింద అంతకు ముందు నెలసరి తేదీకి ఇంకొకటి చేర్చాం. స్కాన్‌కు రాసే చీటీ మీద కూడా ఆ రెండు తేదీలూ వేస్తున్నాను. అక్షరాలు పట్టడం లేదని మా నర్సు సణుగుతూనే ఉంది.

మెథోట్రెక్సేట్ తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆమె ఈసారి రోజూ వేసుకునే మాత్రే ఎంచుకుంది, భర్త ఇంట్లో ఉన్నా లేకపోయినా. తర్వాతి గర్భంలో కిట్ గీత చూపగానే, వారాలు గడవనీయకుండా రావాలని, అప్పుడు గర్భం గర్భసంచిలోనే ఉందా అన్నది ముందుగా చూస్తామని చెప్పాను. ఒకసారి ట్యూబులో నిలిచినవాళ్లకు మళ్లీ అలా జరిగే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. వైద్యం తర్వాత నాలుగో నెలలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు గోడ క్యాలెండర్ ఫొటో మళ్లీ తీసింది. గ్యాస్ బండ, పాల గీతలు అలాగే ఉన్నాయి. సున్నాలు నిండుగా ఉన్నాయి, వాటిలోపల సన్నటి అంకెలు: 4, 4, 3. ఎన్ని రోజులు అయిందో రాసుకుంటున్నానంది.